పనిమీద ప్రేమ ఉన్నవాళ్లే ఎందుకు వెళ్లిపోయారు? బెంగళూరులోని ఒక స్వచ్ఛంద సంస్థ కేస్ స్టడీ

2023 ఆగస్టులో ఒక స్వచ్ఛంద సంస్థ వ్యవస్థాపకుడు నాకు ఫోన్ చేశారు. బెంగళూరు తూర్పు శివార్లలో, వర్తూరు, గుంజూరు, కాడుగోడి చుట్టుపక్కల, భవన నిర్మాణ కూలీల పిల్లలకు చదువు చెప్పే సంస్థ అది. "ఏడాదిలో పదిహేను మంది మానేశారు. కొత్తవాళ్లను తెచ్చుకుంటే ఆరు నెలలు తిరగకుండా వాళ్లూ వెళ్లిపోతున్నారు. జీతాలు తక్కువని నాకు తెలుసు. కానీ ఇదివరకూ తక్కువే కదా, అప్పుడు ఎందుకు ఉన్నారు?" అని అడిగారు. మనసులో నలిగి బయటికి వచ్చిన ప్రశ్న అది. జవాబు వెతకడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. ఆ ఏడాదిలో చూసినదీ, చేసినదీ, చేసి తప్పినదీ ఇక్కడ రాస్తున్నాను. సంస్థ అనుమతి ఉంది. సంస్థ పేరు చెప్పడం లేదు. మనుషుల ఆనవాళ్లు మార్చాను.

నేను పద్నాలుగేళ్లు ఫీల్డులో పనిచేసి, తర్వాత సంస్థల్లో సిబ్బంది బాగోగులు, పర్యవేక్షణ చూసే పనిలోకి వచ్చాను. కాబట్టి ఈ కేసును బయటి మనిషిగా చూడలేకపోయాను. చూడాలనీ అనుకోలేదు.

సంస్థలో మొత్తం సిబ్బంది 41 మంది. 24 మంది ఫీల్డ్ టీచర్లు, వాళ్లలో 19 మంది ఆడవాళ్లు. సగం మందికి పైగా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే. అక్కడి షెడ్లలో ఉండే కుటుంబాల్లో చాలా భాగం అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చినవి, మిగతావి రాయచూరు, కలబురగి ప్రాంతాలవి. పిల్లలు తెలుగులో ఆలోచిస్తారు, చేరవలసింది కన్నడ ప్రభుత్వ పాఠశాలలో. ఆ రెంటి మధ్య వంతెన వేయడమే టీచరు పని. లిపులు అక్కచెల్లెళ్లు కాబట్టి సులువనిపిస్తుంది కానీ, టిక్కు పెట్టినట్టుండే తెలుగు తలకట్టుకు అలవాటుపడిన చేతిని అడ్డంగా సాగే కన్నడ తలకట్టుకు మళ్లించడానికి వారాలు పడుతుంది. ఓపికతో చేసే పని అది, చేసేవాళ్లకు ఇష్టమైన పని కూడా.

సర్వే చెప్పింది, సర్వే దాచింది

మొదటి రోజే వ్యవస్థాపకుడు ఒక సర్వే ఫలితాలు నా ముందు పెట్టారు. నిధులిచ్చే కంపెనీల్లో ఒకటి తన హెచ్‌ఆర్ బృందాన్ని పంపి ఉచితంగా చేయించిన ఎంప్లాయీ ఎంగేజ్‌మెంట్ సర్వే అది, అంటే ఉద్యోగులు పనిలో ఎంత మనసు పెడుతున్నారో కొలిచేది. 'నా పనికి అర్థం ఉంది' అన్న వాక్యానికి దాదాపు అందరూ అవునన్నారు. 'ఈ సంస్థ ఆశయమే నా ఆశయం' అన్నదానికీ అంతే. తమ కంపెనీలో కూడా ఇన్ని మార్కులు రావని ఆ బృందం ఆశ్చర్యపోయిందట. "చూడండి, మా వాళ్లకు పనిమీద ప్రేమ తగ్గలేదు" అన్నారాయన.

తగ్గలేదన్నది నిజం. మానేసినవాళ్లలో పదకొండు మందిని తర్వాత నేను విడివిడిగా కలిశాను. ఒక్కరు కూడా పిల్లలతో విసిగిపోయామని అనలేదు. ఇద్దరు పిల్లల గురించి చెబుతూ ఏడ్చారు.

ఉద్యోగాల్లో ఎంగేజ్‌మెంట్ గురించి విలియం కాన్ 1990లో ప్రచురించిన పరిశోధన ఈ రంగంలో చాలామందికి పునాది. మనిషి పనిలో తనను తాను నిండుగా పెట్టాలంటే మూడు ఉండాలని ఆయన తేల్చారు. పనికి అర్థం ఉండాలి. ఉన్నది ఉన్నట్టు మాట్లాడితే తనకు చేటు రాదన్న భరోసా ఉండాలి. పనిలో పెట్టడానికి ఒంట్లోనూ మనసులోనూ ఏదో ఒకటి మిగిలి ఉండాలి. ఆ సర్వే మొదటిదాన్ని మాత్రమే అడిగింది. స్వచ్ఛంద సంస్థల్లో మొదటిది ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, అందుకే ఇక్కడ ఇలాంటి సర్వేలు మోసం చేస్తాయి. మిగతా రెండూ అడుగంటిపోతున్నా పైకి పచ్చగా కనిపిస్తుంది.

రెండోది ఎంత అడుగంటిందో నాకు త్వరగానే తెలిసింది, నా పొరపాటు వల్ల. మొదటి వారంలోనే ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టి 'మనసు విప్పి మాట్లాడండి' అన్నాను. కోఆర్డినేటర్లు అదే గదిలో ఉన్నారు. ఒక గంటన్నరలో నాకు దొరికింది 'అంతా బాగానే ఉంది మేడమ్' అన్న ఒక్క మాట. టీ తాగి అందరూ వెళ్లిపోయారు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు కానీ, అడిగితే తంటా అని తెలిసినచోట ఎవరూ నోరు విప్పరు. అప్పటి నుంచి మనుషులను వాళ్ల సెంటర్లలోనే, వాళ్ల భాషలోనే, ఒక్కొక్కరినే కలిశాను.

ఒక సోమవారం

ఒక టీచరుతో ఒక రోజంతా గడిపాను. కదిరి ప్రాంతం నుంచి వచ్చిన మనిషి, సంస్థలో ఆరేళ్ల అనుభవం. పిల్లలూ పెద్దలూ 'టీచరమ్మా' అని పిలుస్తారు, నేనూ అలాగే రాస్తాను.

ఒక పెద్ద అపార్టుమెంటు సముదాయం వెనక ఖాళీ జాగాలో రేకులు, నీలి టార్పాలిన్లు కప్పిన నలభై దాకా షెడ్లు. చివర రేకుల గది, అదే సెంటరు. ఉదయం తొమ్మిదికి మేము వెళ్లేసరికి చివరి వరసలో నాలుగు షెడ్లు లేవు. శనివారం ఉన్నాయి. ఒక బిల్డింగులో పని అయిపోయిందని మేస్త్రీ ఆదివారం రాత్రి ఆ కుటుంబాలను ఇంకో చోటికి లారీలో ఎక్కించాడట. నేల మీద మూడు పొయ్యిరాళ్లు నల్లగా మిగిలాయి. టీచరమ్మ వంగి రాళ్ల పక్కన పడి ఉన్న బలపం ముక్క తీసుకుంది, చీర కొంగుతో తుడిచి చేతిసంచిలో వేసుకుంది. "ఎక్కడికి వెళ్లారు?" అని అడిగాను. "హోసకోట వైపు అంటున్నారు. మేస్త్రీ చెప్పడు మేడమ్, చెబితే మేము వెంటపడతామని" అంది.

గదిలోకి వెళ్లి రిజిస్టరు తెరిచి, ఐదు పేర్ల ఎదురుగా స్కేలు పెట్టి ఎర్ర గీత గీసి, పక్కన 'డ్రాపౌట్' అని రాసింది. ఐదుగురిలో ఒక పిల్ల గతవారమే మొదటిసారి ఒక వాక్యం మొత్తం తనంతట తాను చదివిందని, అది నేను అడిగితే చెప్పింది. నెలాఖరు సమావేశంలో డ్రాపౌట్ల సంఖ్యను బట్టి సెంటర్లకు వరస ఇస్తారు. బిల్డరు పని ముగిస్తే టీచరు మార్కులు తగ్గుతాయన్నమాట. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదని కాదు, దాని గురించి ఎవరూ ఆగి ఆలోచించలేదు.

ఆ రోజు మిగతాది వరసగా చెబుతాను. ఒంటిగంటన్నర దాకా క్లాసు. తర్వాత ఇద్దరు పిల్లలను చేర్పించడానికి ప్రభుత్వ పాఠశాలకు. అక్కడి నుంచి ఇళ్ల సందర్శన. ఒక తల్లికి జ్వరం. ఒక తండ్రి తాగి ఉన్నాడు, పదకొండేళ్ల కూతురిని పనికి పంపుతానని వాదించాడు, టీచరమ్మ అరగంట నిలబడి మాట్లాడింది. సాయంత్రం ఆరున్నరకు సెంటరుకు తిరిగి వచ్చి అదే హాజరును ముగ్గురు దాతల కోసం మూడు చోట్ల ఎక్కించింది: పుస్తకంలో ఒకసారి, ఫోన్‌లోని యాప్‌లో ఒకసారి, మూడో దాత కోసం టైమూ స్థలమూ పడేలా తీసిన ఫోటోలతో వాట్సాప్ గ్రూపులో ఇంకోసారి. ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. తొమ్మిదీ నలభైకి ఆమె సొంత ఫోన్ మోగింది. షెడ్లలోంచి ఒక తల్లి, బిడ్డకు వాంతులు. భర్త మోటారుసైకిలు తీశాడు, ముఖంలో చిరాకు దాచుకోలేదు. ఆమె వెళ్లింది.

మర్నాడు ఉదయం టీ కొట్టు దగ్గర తనే మొదలుపెట్టింది. "మేడమ్, ఒక మాట చెబుతాను, ఆఫీసులో చెప్పకండి. ఈ మధ్య పిల్లల పేర్లు గుర్తుండటం లేదు. మూడో షెడ్డు అబ్బాయి, ఏడో షెడ్డు అమ్మాయి అని పిలుస్తున్నాను. పేరు నేర్చుకునేలోపు వెళ్లిపోతారని మనసే ముందు తలుపేసుకుంటోంది. ఇదివరకు నేను ఇలా లేను. మొద్దుబారిపోయాను."

తర్వాత రాయడానికి ఆమె అనుమతి తీసుకున్నాను.

మొద్దుబారడం

బర్న్‌అవుట్‌కు తెలుగులో సరిగ్గా కుదిరే ఒక్క పదం నాకు దొరకలేదు. అలసట నిద్రపోతే తీరుతుంది. విసుగు పని మారితే పోతుంది. టీచరమ్మ అన్న 'మొద్దుబారడమే' దగ్గరగా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్‌అవుట్‌ను తన వ్యాధుల వర్గీకరణ పదకొండో కూర్పులో చేర్చింది, అయితే వ్యాధిగా కాక, ఉద్యోగంలో దీర్ఘకాలం చక్కబడని ఒత్తిడి వల్ల కలిగే పరిణామంగా. మూడు లక్షణాలు చెప్పింది: శక్తి అంతా హరించుకుపోవడం, పనికి మానసికంగా దూరం జరగడం, తాను చేసేది ఏమీ ఫలించడం లేదనిపించడం. మూడూ ఆ సోమవారంలో ఉన్నాయి. షెడ్డు నంబర్లు రెండోది. ఎర్ర గీతలు మూడోది.

ఈ మాట పుట్టుక కూడా మన రంగం పక్కనే. 1974లో న్యూయార్క్ మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ దీన్ని గురించి రాసినప్పుడు ఆయన కళ్ల ముందున్నది పెద్ద కంపెనీల ఉద్యోగులు కారు. ఉచిత వైద్యశాలలో ఇష్టపడి పనిచేసే వాలంటీర్లు. ఆయన కూడా పగలంతా తన ప్రాక్టీసు చూసుకుని సాయంత్రాలు అక్కడికి వెళ్లినవాడే. అంకితభావం ఎక్కువ ఉన్నవాళ్లే ముందు ఆరిపోతున్నారన్నది మొదటి రోజు నుంచీ ఉన్న పరిశీలన. అయినా యాభై ఏళ్ల తర్వాత కూడా మన సంస్థల్లో ఎవరైనా అలసిపోతే 'అంకితభావం తగ్గింది' అనే మాటే ముందు వినిపిస్తుంది. ఆ మాట వినబడినప్పుడల్లా నాకు బాధ, కోపం రెండూ కలుగుతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. నేను కలిసినవాళ్లలో ఒకరికి నెలల తరబడి నిద్ర లేదు, సెలవు రోజున కూడా మంచం దిగాలనిపించేది కాదు, బతకడం దేనికన్న ఆలోచన వచ్చేది. అది ఉద్యోగంలో మార్పులతో తీరేది కాదు, వైద్యం కావలసిన స్థితి. నేరుగా మానసిక వైద్యానికి పేరున్న నిమ్హాన్స్‌ ఆస్పత్రికి వెళ్దామంటే ఆమె ఒప్పుకోలేదు, ఆ పేరు వింటే ఊళ్లో ఏమంటారోనని. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు నా పక్కనే కూర్చుని ఫోన్ చేసింది, తెలుగులోనే మాట్లాడింది. అక్కడి నుంచి డాక్టరు దగ్గరకు వెళ్లడం సులువైంది. సంస్థల్లో ఈ పని చేసేవాళ్లు ఈ తేడా గుర్తుపట్టడం నేర్చుకోవాలి. అన్నిటికీ బర్న్‌అవుట్ అని పేరు పెట్టేస్తే నిజంగా మందు కావలసిన మనిషికి వర్క్‌షాప్ దొరుకుతుంది.

ఎక్కడ మొదలైంది

మానేసినవాళ్లను 'మొదటిసారి మానేయాలని ఎప్పుడనిపించింది?' అని అడిగాను. చాలామంది 2022 సెప్టెంబరు వరదల నాటికి వెళ్లారు. ఆ నెల మొదట్లో బెళ్లందూరు, మహదేవపుర, వర్తూరు ప్రాంతాలు మునిగిపోయినప్పుడు విల్లాల్లోంచి ట్రాక్టర్ల మీద బయటపడినవాళ్ల దృశ్యాలు దేశమంతా చూసింది. షెడ్లలో మోకాలి లోతు నీళ్లు. టీచర్లు రెండు వారాలు బియ్యం, దుప్పట్లు మోశారు. కొందరి సొంత ఇళ్లలోకీ నీళ్లు వచ్చాయి. ఆ ఫోటోలు వార్షిక నివేదిక ముఖచిత్రమయ్యాయి, సంస్థకు నాలుగు చోట్ల సన్మానాలు జరిగాయి. ఆ రెండు వారాల్లో పోయిన ఆదివారాలకు బదులు సెలవు ఎవరికీ ఇవ్వలేదు. 'ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత' అంది నాతో మాట్లాడిన ఒక పాత టీచరు. ఆ నవంబరులో తొలి రాజీనామా అందింది.

రెండో దెబ్బ బస్సు ఛార్జీలు. 2023 జూన్ 11న కర్ణాటకలో శక్తి పథకం మొదలై ప్రభుత్వ ఆర్డినరీ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు ప్రయాణం ఉచితమైంది. జూలై నుంచి సంస్థ మహిళా టీచర్ల ప్రయాణ భత్యం నెలకు పన్నెండు వందలు ఆపేసింది. కాగితం మీద సబబుగానే కనిపిస్తుంది. కానీ నలుగురి ఆధార్‌లో ఇంకా ఆంధ్రప్రదేశ్ చిరునామా ఉంది, వాళ్లు టికెట్ కొనాల్సిందే. బస్సు దిగి షెడ్ల దాకా వెళ్లాలంటే ఆటో కావాలి, దానికి ఏ పథకమూ లేదు. మగ టీచర్ల భత్యం కొనసాగింది. నేను మాట్లాడినవాళ్లంతా డబ్బు సంగతి రెండో మాటగా చెప్పారు. మొదటి మాట 'మమ్మల్ని ఒక్క మాట అడగలేదు' అన్నదే.

మనుషులను పనిలో అరగదీసే చోట్లు ఆరు ఉంటాయని బర్న్‌అవుట్ పరిశోధకులు క్రిస్టినా మాస్లాక్, మైఖేల్ లైటర్ చాలా ఏళ్లుగా చెబుతున్నారు: పనిభారం, తన పని మీద తనకు చెల్లుబాటు, ప్రతిఫలం, తోటివాళ్లతో అనుబంధం, న్యాయం, విలువలు. మేనేజర్లు ఎప్పుడూ మొదటిదాన్నే చూస్తారు. ఈ సంస్థలో భారం ఎక్కువే, అయినా భారాన్ని టీచర్లు మోశారు. వాళ్లను విరిచింది చెల్లుబాటు లేకపోవడం, న్యాయం తప్పడం. అనుబంధం మాత్రం చెక్కుచెదరలేదు, ఒకరి సెంటరుకు ఒకరు సాయం వెళ్లేవాళ్లు. ఇన్నాళ్లూ ఆ సంస్థ నిలబడింది ఆ ఒక్క స్తంభం మీదే.

ఆయన ఆదివారాలు

వ్యవస్థాపకుడి గురించి రాయకుండా ఈ కేసు పూర్తికాదు. ఆయన మొదటి ఏడేళ్లు జీతం తీసుకోలేదు. భార్య ఉద్యోగంతో ఇల్లు గడిచింది. పిల్లల కోసం అధికారుల కాళ్లావేళ్లా పడ్డారు. యాభై మందికి మించి మహిళా కూలీలు పనిచేసేచోట శిశు సంరక్షణ గది ఉండాలని భవన నిర్మాణ కార్మికుల చట్టం 1996లోనే చెప్పినా, ఒక్కో బిల్డరుతో ఒక్కో గది కోసం పోరాడారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది, ఈ కేసు చదివేవాళ్లకూ ఉండాలి.

నేను కనుక్కున్నవి చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "నేను పన్నెండేళ్లుగా ఆదివారం ఎరగను. సేవకు సెలవు ఉంటుందా అమ్మా?"

సర్దిచెప్పడానికి నా దగ్గర సిద్ధంగా ఉన్న మాటలేవీ అక్కడ పనికిరాలేదు. అందుకే అనుకున్నదే చెప్పాను. "సర్, మీరు చేసింది సేవ. మీరే ఎంచుకున్నారు, ఎంతవరకో మీరే నిర్ణయించుకున్నారు. టీచరమ్మ ఉద్యోగంలో చేరింది. ఆమెకు మీరు నెలకు పదహారు వేలు ఇచ్చి, మిగతా కొరతను సేవ అన్న మాటతో పూడుస్తున్నారు. పదకొండు నెలల ఒప్పందం రాయించుకుని, పన్నెండో నెల మళ్లీ ఉంటుందో లేదో చెప్పకుండా, ఆమె నుంచి మీ అంత త్యాగం ఆశించడం న్యాయం కాదు."

ఆయన నొచ్చుకున్నారు. పది రోజులు ఫోన్ చేయలేదు. పని ఆగిపోయిందనే అనుకున్నాను. పదకొండో రోజు చేసి, "టీచర్లు ఎన్ని గంటలు పనిచేస్తున్నారో లెక్క తీద్దాం. మీరు చెప్పింది తప్పయితే బాగుండును" అన్నారు. వారం రోజులు 24 మంది టీచర్లు మామూలు నోట్‌పుస్తకాల్లో గంటలు రాశారు. రోజుకు సగటున రెండు గంటలు ఒకే సమాచారాన్ని మళ్లీ మళ్లీ రాయడానికి పోతోంది. ఆ పుస్తకాలు ఆయనే కూర్చుని చదివారు.

ఏం చేశాం

సులువైనది ముందు చెబుతాను: ప్రయాణ భత్యం అక్టోబరు నుంచి తిరిగి వచ్చింది, ఆడ మగ తేడా లేకుండా, దూరాన్ని బట్టి. ఆపేసిన మూడు నెలలదీ కలిపి ఇచ్చారు. ఆయన సమావేశంలో నిలబడి "అడగకుండా ఆపడం తప్పు" అన్నారు. డబ్బు కన్నా ఆ వాక్యం ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం.

మూడు చోట్ల ఎక్కించే హాజరును ఒకటి చేయడం కష్టమైంది. దాతల్లో ఇద్దరు కంపెనీల వాళ్లు. కంపెనీల చట్టం 2013, 135వ సెక్షన్ ప్రకారం లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాల్సినవాళ్లు, ఆ లెక్క వాళ్ల బోర్డుకు చూపాలి. వాళ్ల దగ్గరకు టీచరమ్మను తీసుకెళ్లాం. ఆమె హాజరు పుస్తకం, యాప్ ఉన్న ఫోన్, ఆ ఫోటోలు బల్ల మీద పక్కపక్కన పెట్టి, "ఈ మూడింటిలో ఉన్నది ఒకే పిల్ల సర్" అంది. ఒక దాత అక్కడే ఒప్పుకున్నారు, ఇంకొకరు రెండు నెలలకు. మూడో దాత ఒప్పుకోలేదు, ఆ ఫోటోలు ఇప్పటికీ వెళ్తున్నాయి.

రిలీఫ్ టీచర్లు ఇద్దరిని పెట్టాలన్నది నా గట్టి సూచన. ఎవరైనా సెలవు పెడితే సెంటరు మూతపడుతుంది, మూతపడితే పిల్లలు పని స్థలాల్లో తిరుగుతారు, అందుకే ఎవరూ సెలవు పెట్టరు. పుస్తకంలో ఏడాదికి పద్దెనిమిది రోజులు సెలవు ఉన్నా, తీసుకునే వీలు ఏర్పరచకపోతే అది లేనట్టే. అకౌంటెంటు భయపడ్డారు. విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. అప్పటి నుంచి సిబ్బంది కోసం పెట్టే ప్రతి రూపాయినీ సంస్థలు అనుమానంగా చూస్తున్నాయి. కానీ సంస్థ ఆశయాన్ని నేరుగా నెరవేర్చే పనులు, ఉదాహరణకు బడిలో టీచర్ల జీతాలు, ఆ పాలనా ఖర్చులోకి రావని నిబంధనల్లోనే ఉంది. రిలీఫ్ టీచరు చేసేదీ పాఠం చెప్పడమే. ఆడిటర్‌తో మాట్లాడి ఆ భయం తీర్చుకున్నాం. అసలు చిక్కు వేరే ఉంది. 'ఒక్కో పిల్లకు ఇంత ఖర్చు' అనే అంకెను చూసి దాతలు సంస్థలను పోల్చుకుంటారు. ఇద్దరు టీచర్లు పెరిగితే ఆ అంకె పెరుగుతుంది. ఆ పోలికలో సెలవు తీసుకోని టీచరు చవకగా కనబడుతుంది, ఆమె మానేశాక కొత్త టీచరు నేర్చుకునే ఆరు నెలల్లో పిల్లలు పోగొట్టుకునేది ఏ గడిలోనూ ఉండదు. ప్రతిపాదనలో ఇదే మాటను వివరంగా రాశాం. 2024 జనవరిలో ఇద్దరూ చేరారు.

రాత్రి ఫోన్లకు ఒక డ్యూటీ ఫోన్ కొన్నాం. టీచర్ల సొంత నంబర్లు తీసేసి ఆ నంబరు షెడ్లలో రాయించాం. వారానికి ఒకరి దగ్గర ఉంటుంది, ఆ వారం ఉంచుకున్నవాళ్లకు ఒక రోజు సెలవు. ప్రాణం మీదికొస్తే 108, పిల్లల కష్టానికి 1098 అని ప్రతి తల్లికీ చెప్పాం. దీన్ని మొదట ఎదిరించింది టీచర్లే. "నా పిల్ల తల్లి నాకు కాకపోతే ఎవరికి చేస్తుంది?" అని ఒకరు కోప్పడ్డారు. ఆ కోపాన్ని తప్పుపట్టలేను. ఆ టీచరు తన సొంత నంబరు ఒక కుటుంబానికి ఇప్పటికీ ఇచ్చే ఉంచారు.

కౌన్సెలర్‌ను పిలిపించడం మాత్రం విఫలమైంది. ఆఫీసులో, మధ్యాహ్నం మూడింటికి, అందరి కళ్లముందూ ఆ గదిలోకి ఎవరు వెళ్తారు? ఇద్దరు వచ్చారు, రెండోసారి ఎవరూ రాలేదు. దానికి బదులు కోఆర్డినేటర్ల పర్యవేక్షణను మార్చాం. అంతకుముందు వాళ్లు వారానికొకసారి వచ్చి ఫోటోలు సరిచూసేవాళ్లు. ఇప్పుడు పదిహేను రోజులకొకసారి గంటసేపు నలుగురు టీచర్లతో కూర్చుంటారు, రిజిస్టరు తెరవరు. ఒకే ప్రశ్నతో మొదలవుతుంది: 'ఈ పదిహేను రోజుల్లో మిమ్మల్ని నిద్రపోనివ్వని పిల్ల ఎవరు?' మొదటి రెండుసార్లు మౌనం. మూడోసారి ఒక టీచరు రెండేళ్ల కిందట లిఫ్టు గుంతలో పడి చనిపోయిన పిల్లవాడి గురించి చెప్పింది. ఆ సెంటరు పక్కనే పనిచేసిన తోటి టీచర్లకు కూడా ఆమె అప్పటిదాకా ఆ సంగతి పూర్తిగా చెప్పుకోలేదు.

దారి చీటీ

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన మార్పు టీచర్ల ఆలోచన. ఎర్ర గీతల గురించి ఒక సమావేశంలో చర్చ వచ్చినప్పుడు, "వెళ్లిపోయేవాళ్లను ఆపలేం, చేతిలో ఏదైనా పెట్టి పంపగలం కదా" అని టీచరమ్మే అంది. దాని నుంచి 'దారి చీటీ' పుట్టింది. చేరిన నెలలోపే ప్రతి పిల్లకూ అట్టముక్క మీద పేరు, వయసు, సొంత ఊరు, తెలుగులో ఎంతవరకు చదువుతుంది, కన్నడలో ఎంతవరకు, లెక్కలు ఏమిటి అన్నవి రెండు భాషల్లో రాసి ప్లాస్టిక్ కవరులో ఇస్తారు. కింద డ్యూటీ ఫోన్ నంబరు. దాని కింద ఒక వాక్యం: 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను వయసు రుజువు కాగితం లేదని బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. రిజిస్టరులో 'డ్రాపౌట్' గడి పక్కన 'వలస, చీటీతో' అనే కొత్త గడి వచ్చింది. ఆ గడిలోకి వెళ్లినవాళ్లకు టీచరు మార్కులు తగ్గవు.

2024 జూన్‌లో బడులు తెరిచాక డ్యూటీ ఫోన్ మోగింది. ధర్మవరం దగ్గర ఒక ఊరి ప్రధానోపాధ్యాయురాలు. "మీ చీటీ తెచ్చిన అమ్మాయిని మూడో తరగతిలో చేర్చుకున్నాను. ఈ పిల్ల కన్నడ కూడా రాస్తోంది, ఎవరు నేర్పారు?" అని అడిగారు. ఆ వారం ఫోన్ టీచరమ్మ దగ్గరే ఉంది. నాకు ఫోన్ చేసి ఆ పిల్ల పేరు మూడుసార్లు చెప్పింది.

ఇంకా తెమలనివి

జనవరి నుంచి జూలై మధ్య ముగ్గురు మానేశారు, ఒకరు భర్త ఉద్యోగం మారడం వల్ల. ఆరు నెలలు చిన్న కాలం, దాన్ని చూసి గెలిచామని నేను అనను. జీతాలు పెరగలేదు. పదకొండు నెలల ఒప్పందాల పద్ధతిని పన్నెండు మందికి ఎత్తేశారు, మిగతావాళ్లకు ఇంకా ఉంది. మార్చి వచ్చిందంటే వాళ్లలో అదే గుబులు. భారం కొంత కోఆర్డినేటర్ల మీదికి జారింది. నలుగురు మనుషులు, కొత్త బాధ్యతలు, ఆ బాధ్యతలకు శిక్షణ చాలలేదు. ఇది నా ప్రణాళికలో లోపం, ముందే చూడవలసింది. వ్యవస్థాపకుడు ఆదివారాలు ఇంకా పనిచేస్తూనే ఉన్నారు, మెసేజ్‌లు మాత్రం టీచర్ల గ్రూపులో సోమవారమే పెడుతున్నారు.

జూలై మూడో వారం, ఒక శుక్రవారం, ఆఖరి సమీక్షకు టీచరమ్మ సెంటరుకు వెళ్లాను. ఆమె లేదు. అక్క కొడుకు పుట్టువెంట్రుకలు తీయిస్తున్నారని కదిరి వెళ్లింది, మూడు రోజులు. ఆరేళ్లలో వరసగా మూడు రోజులు సెలవు పెట్టడం ఇదే మొదలట. రిలీఫ్ టీచరు, ఇరవై రెండేళ్ల అమ్మాయి, బోర్డు దగ్గర ఎక్కాలు చెప్పిస్తోంది. బల్ల మీద టీచరమ్మ తన కోసం రాసిపెట్టిన కాగితం నాకు చూపించింది. పదిహేడు మంది పిల్లలు, పదిహేడు వరసలు. ఒకరికి ఎడమ చెవి వినపడదు, ముందు కూర్చోబెట్టాలి. ఒకరు పొద్దున ఏమీ తినకుండా వస్తారు, పదింటికి బిస్కెట్లు ఇవ్వాలి. ఒకరు కొత్తగా చేరారు, ఇంకా మాట్లాడరు, మాట్లాడమని ఒత్తిడి చేయకూడదు. ప్రతి వరసా పేరుతోనే మొదలైంది. షెడ్డు నంబరు ఒక్కటీ లేదు. కాగితం మడిచి బల్ల మీద పెట్టి, ఏడో ఎక్కం అయ్యేదాకా వెనక చాప మీద కూర్చున్నాను.